రైలు కింద మన నేల

పట్టాలు పరిచారు. ట్రాన్స్‌ఫార్మర్ తగిలించారు. ఇంజను నాలుగు పెట్టెలను లాక్కుంటూ బల్ల మీద గుండ్రంగా తిరుగుతోంది. మొదటి వారం ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూశారు. రెండో వారానికి మీరొక్కరే మిగిలారు. మూడో వారానికి మీకే ఏదో వెలితిగా ఉంది. లోపం ఎక్కడుంది? ఇంజను బాగానే నడుస్తోంది, పట్టాలూ సరిగ్గానే ఉన్నాయి. రైలు ఏ ఊరి మీదుగా పోతోందో బల్ల చెప్పడం లేదు, అంతే.

ఆ ఊరిని మీరే తయారు చేయవచ్చు. దానికి కావలసిన ముఖ్యమైన సరుకు మీ వీధి చివర రంగుల దుకాణంలోనే దొరుకుతుంది. ఇంటికి రంగు వేసే ముందు మేస్త్రి గోడ గుంటల్లో పెట్టే లప్పమే అది. గోడ మీద లప్పం గుంటను పూడుస్తుంది. రైలు బల్ల మీద అదే లప్పం కట్టగా, గట్టుగా, చెరువుగా, కొండగా మారుతుంది. ఆ పని ఎలా చేయాలో ఈ అధ్యాయంలో ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

మనకు కొండలు లేవని దిగులెందుకు?

మోడల్ రైల్వే అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేవి మంచు కొండలు, సొరంగాలు. జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియాటూర్ వుండర్‌లాండ్‌లో ఆల్ప్స్ పర్వతాలు గదుల ఎత్తున లేస్తాయి. మన దేశంలోనే పుణెలో, 1998 నుంచి నడుస్తున్న జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం చూసినవాళ్లకు ఇంటికి రాగానే కొండ కట్టాలనిపిస్తుంది. కానీ మీరు ఉండేది సింగరాయకొండలో అనుకుందాం. విజయవాడ–గూడూరు లైను మీద, సముద్రానికి దగ్గరగా, చదునైన నేల మీద మీ ఊరి స్టేషను ఉంది. ఊరికి పేరిచ్చిన కొండ, దాని మీద నరసింహస్వామి గుడి తప్పితే కంటికి ఆనే ఎత్తులు తక్కువ.

మరి ఇక్కడ మలచడానికి ఏముంది? చాలా ఉంది. మైదానం బల్లపరుపుగా ఉంటుందని అనుకోవడమే మొదటి పొరపాటు. ఒక సాయంత్రం స్టేషను బయట, లెవెల్ క్రాసింగు దగ్గర రోడ్డు వైపు నిలబడి చూడండి. రైలు కట్ట మీద నడుస్తోంది. కట్ట పక్కనే మట్టి తీసిన పల్లం ఉంది, దాంట్లో వాన నీళ్లు నిలిచి జమ్ము మొలిచింది. ఆ పల్లం దాటితే పొలం గట్టు, గట్టు మీద తాటిచెట్లు. మన నేల అందమంతా జానెడు, మూరెడు తేడాల్లోనే ఉంది. ఆ చిన్న తేడాలను బల్ల మీదికి తెచ్చినవారికి రైలు తనంతట తానే నిజమైనదిగా కనిపిస్తుంది.

ముందు కొలవండి, తర్వాత కలపండి

ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలులో అసలు కొలతకు ఎనభై ఏడో వంతు లెక్క. అంటే నిజంగా 1 మీటరు ఉన్నది బల్ల మీద సుమారు 11.5 మి.మీ. అవుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు:

1. 3 మీటర్ల ఎత్తు రైలు కట్ట బల్ల మీద సుమారు 34 మి.మీ. మన రైల్వే కట్టలకు మామూలుగా ఒక పాలు ఎత్తుకు రెండు పాళ్ల వాలు ఇస్తారు. కాబట్టి ఆ 34 మి.మీ. కట్ట ఒక్కో పక్కన దాదాపు 7 సెం.మీ. వెడల్పు ఆక్రమిస్తుంది. ఆ జాగా ముందే వదిలిపెట్టండి.

2. మనిషి మోకాలెత్తు పొలం గట్టు 5 లేక 6 మి.మీ. దాన్ని 2 సెం.మీ. ఎత్తున కడితే అది ప్రహరీగోడ అయిపోతుంది.

3. ఎత్తు ప్లాట్‌ఫారం పట్టాల పైభాగం నుంచి సుమారు 9 మి.మీ.

4. 20 మీటర్ల తాటిచెట్టు 23 సెం.మీ. మన మైదానంలో నిజమైన ఎత్తు చెట్లదే. నేలను తక్కువ ఎత్తులో ఉంచితేనే ఆ చెట్టుకు దర్జా వస్తుంది.

కొండ సంగతేమిటి? 50 మీటర్ల కొండను లెక్క ప్రకారం కడితే 57 సెం.మీ. లేవాలి. అంత అవసరం లేదు. బల్ల వెనక అంచున, 18 లేక 20 సెం.మీ. ఎత్తున, కిందికంటే పైన చెట్లను చిన్నవిగా పెట్టి కట్టండి. కన్ను మిగిలిన ఎత్తును తనే ఊహించుకుంటుంది.

ఏ పనికి ఏ లప్పం?

దుకాణంలో అడిగితే నాలుగైదు రకాలు చూపిస్తారు. అన్నీ కొనకండి. ఏది ఎందుకో తెలుసుకుని కొనండి.

1. తెల్ల సిమెంటు వాల్ పుట్టీ. సంచిలో పొడిగా వస్తుంది. నున్నటి తలాలకు మంచిది: ప్లాట్‌ఫారం, సిమెంటు రోడ్డు, కల్వర్టు గోడలు. పలుచటి పొరలుగానే వేయాలి. ఇందులో సిమెంటు ఉంటుంది కాబట్టి చేతులకు తొడుగులు వేసుకోండి.

2. పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్). పదీ పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది. రాళ్లకు, కొండ చరియలకు దీన్ని మించింది లేదు. కాకపోతే బరువు, పైగా పెళుసు.

3. డబ్బాలో వచ్చే అక్రిలిక్ పుట్టీ. పట్టాల పక్క సన్నటి సందులకు, అతుకులకు. ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి మందంగా పెట్టకూడదు.

4. రంపపు పొట్టు లప్పం. దీన్ని మీరే కలుపుకోవాలి. జల్లించిన పొట్టు రెండు గిన్నెలు, వాల్ పుట్టీ ఒక గిన్నె, ఫెవికాల్ అర గిన్నె, రొట్టె పిండిలా కలిసేటంత నీళ్లు. తేలిగ్గా ఉంటుంది, పగుళ్లు తక్కువ, ఆరాక కూడా చిన్న మేకు దిగుతుంది. చెట్లు నాటడానికి ఇదే కావాలి.

ఈ నాలుగోది మనకు కొత్త విద్య అనుకోకండి. కొండపల్లి బొమ్మల కళాకారులు తెల్ల పొణికి చెక్క ముక్కలను అతకడానికి, ఒంపులు దిద్దడానికి చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసుకుంటారు. ఏనుగు మీది అంబారీ అయినా, ఎడ్లబండి అయినా ఆ మక్కుతోనే నునుపు తేలుతుంది. మీ బల్ల మీద కట్టను దిద్దుతున్నప్పుడు మీ వేళ్లు చేసేది అదే పని. పండక్కి బొమ్మల కొలువులో మట్టి పోసి, రాగులు మొలకెత్తించి చేను పెట్టిన ఇల్లు మీదైతే, సగం పని మీకు ముందే వచ్చు.

పని వరస

1. రైలును నడిపి హద్దు గీయండి. మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన పెట్టెకు రెండు పక్కలా పెన్సిళ్లు కట్టి, మెల్లగా లైనంతా తిప్పండి. వంపుల్లో పెట్టె మధ్యభాగం లోపలికి, చివరలు బయటికి తోసుకొస్తాయి. పెన్సిలు గీసిన గీత దాటి లోపలికి లప్పం రాకూడదు.

2. పట్టాలను కప్పండి. మాస్కింగ్ టేపు అతికించండి. రైలు దారి మారే పాయింట్ల దగ్గర రెండు వరసలు వేయండి. కదిలే బ్లేడు సందులో చిటికెడు లప్పం పడినా పెట్టె అక్కడే పడిపోతుంది.

3. లోపలి ఆకారం కట్టండి. టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ ముక్కలు చాలు. కత్తితో వాలుగా కోసి ఫెవికాల్‌తో అతికించండి. ఎత్తంతా థర్మాకోల్‌ది, లప్పానిది పైతోలు మాత్రమే. ఎత్తు కూడా లప్పంతోనే తేవాలని చూస్తే బల్ల బరువెక్కుతుంది, పొర పగులుతుంది.

4. కాగితం చొక్కా తొడగండి. పాత దినపత్రికను రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా చించి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా రెండు మూడు వరసలు పరచండి. నున్నటి థర్మాకోల్‌కు లప్పం సరిగా అంటదు. కాగితానికి గట్టిగా పట్టుకుంటుంది. మర్నాటి దాకా ఆరనివ్వండి.

5. రంగు కలిపిన లప్పం తీయండి. తెల్ల లప్పం వేసి పైన రంగు పూస్తే, ఎక్కడ చిన్న పెచ్చు ఊడినా తెల్లగా పళ్లు ఇకిలిస్తుంది. గచ్చుకు వాడే ఎర్ర, పసుపు, నల్ల ఆక్సైడ్ పొడులు హార్డ్‌వేర్ దుకాణంలో ఉంటాయి. వాటిని లప్పంలోనే కలిపేయండి. తడిగా ఉన్నప్పుడు రంగు ముదురుగా కనిపించి, ఆరాక వెలిసిపోతుంది. ముందు అట్టముక్క మీద రాసి ఎండబెట్టి చూసుకోండి.

6. మొదటి పొర, పలుచగా. పుట్టీ బ్లేడుతో రెండు మి.మీ. మించకుండా లాగండి. నునుపు గురించి ఇప్పుడు ఆలోచించవద్దు. రెండో పొర పట్టుకోవాలంటే గరుకు ఉండాలి.

7. ఆగండి. చెయ్యి వెనక్కి తిప్పి తాకి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఇంకా ఉంది. మన తీరప్రాంతపు ఉక్కలో, ముఖ్యంగా వానాకాలంలో, ఆరడానికి ఎక్కువ సమయమే పడుతుంది. ఎండలో పెట్టి తొందరపెట్టకండి, నీడన గాలి తగలనివ్వండి.

8. రెండో పొరతో రూపం దిద్దండి. ఈ పొరలోనే కట్ట భుజం, గట్టు వంపు, కాలిబాట అరుగుదల రావాలి. తడిపిన వేలు, పాత పళ్ల బ్రష్షు, చెంచా వెనకభాగం: ఇవే మీ పనిముట్లు.

9. మట్టి చల్లండి. లప్పం మీద నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి, జల్లెడ పట్టిన నిజమైన మట్టిని రాల్చండి. ఎర్రమట్టి నేలకు ఎర్రమట్టి, రేగడికి రేగడి. ఆ మట్టిని ముందు పాత పెనం మీద వేయిస్తే పురుగు, బూజు ఉండవు.

మధ్యలో విసుగొస్తే? బల్ల మీద మరో మూలకు వెళ్లి మొదటి పొర మొదలుపెట్టండి. ఒకచోట ఆరుతుంటే ఇంకోచోట పని సాగుతుంది. ఓపిక అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమే అవ్వక్కర్లేదు.

మన నేలకే చెల్లిన పనులు

*నల్లరేగడి నెర్రెలు.* గుంటూరు, ప్రకాశం పత్తి చేలలో వేసవి రాగానే నేల నోరు తెరుస్తుంది. దాన్ని కత్తితో గీసి చూపించాలని ప్రయత్నించవద్దు, గీతల్లా కనిపిస్తాయి. నిజమైన రేగడినే జల్లించి, నీళ్లలో చిక్కగా కలిపి, ఆరిన లప్పం మీద మూడు మి.మీ. పరవండి. జిగురు కలపకండి. ఆరేకొద్దీ అది తనంతట తనే బీటలు వారుతుంది. పొర పలుచనైతే పెంకులు చిన్నవిగా, మందమైతే పెద్దవిగా వస్తాయి. మన స్కేలుకు పలుచనే కావాలి. పూర్తిగా ఎండాక, నీళ్లలాంటి ఫెవికాల్‌ను చుక్కలు చుక్కలుగా వదిలి నిలబెట్టండి. మిగతా చోట్ల తప్పయిన పగులు ఇక్కడ మీ పనితనం.

*దున్నిన సాళ్లు.* పొగాకో, మిరపో, పత్తో వేసిన చేనుకు సాళ్లే అందం. తడి లప్పం మీద దువ్వెన లాగితే సాళ్లు పడతాయి, కానీ దువ్వెన పళ్లు మరీ దగ్గరగా ఉంటాయి. సాళ్ల మధ్య మీటరు దూరం ఉంటే బల్ల మీద 11 లేక 12 మి.మీ. రావాలి. పాత దువ్వెనలో అవసరమైన పళ్లు మాత్రం ఉంచి మిగతావి విరిచేయండి. గట్టు పొడవునా ఒకే ఊపులో లాగండి, మధ్యలో ఆగితే అక్కడ మచ్చ పడుతుంది. కళ్లంలో ఆరబోసిన మిర్చి కావాలా? ఎర్ర రంగులో ముంచి ఆరబెట్టిన సన్నటి రంపపు పొట్టు పోయండి. అసలు కారం పోస్తే పురుగు పడుతుంది.

*ఏటి ఇసుక.* పాలేరు, మన్నేరు లాంటి ఏళ్లలో ఏడాదిలో చాలాకాలం ఇసుక మేటలే కనిపిస్తాయి. లప్పంతో ఏటి అడుగును పళ్లెంలా లోతుగా చేయకండి. ఒక ఒడ్డు నిటారుగా కోసుకుపోయినట్టు, రెండో ఒడ్డు మెల్లగా వాలినట్టు మలచండి. వంపులో బయటి ఒడ్డును నీరు కోస్తుంది, లోపలి ఒడ్డున ఇసుక వేస్తుంది. ఈ ఒక్క తేడా చూపిస్తే నీళ్లు లేకపోయినా చూసినవారు ఏరు అంటారు.

*ఉప్పు మళ్లు.* తీరానికి దగ్గరగా ఉన్న దృశ్యం కావాలంటే నలుచదరపు మళ్లు, రెండు మి.మీ. ఎత్తు గట్లు, లోపల మెరిసే వార్నిష్ ఒక పూత. మూలన తెల్ల లప్పంతో చిన్న ఉప్పు కుప్పలు. అరపూట పని, చూసేవారి కళ్లు మాత్రం ముందు అక్కడే ఆగుతాయి.

*కొండ రాళ్లు.* వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండలా నలిపి, మళ్లీ సగం విప్పండి. ఆ ముడతల్లో పీవోపీ పోసి, గట్టిపడ్డాక ఫాయిల్ ఒలిచేయండి. ప్రతి ముక్కా వేరే రాయి. వాటిని కొండ వాలులో పొదిగి, చుట్టూ రంపపు పొట్టు లప్పంతో పూడ్చండి. రాయి నేలలోంచి పుట్టినట్టు ఉండాలి, నేల మీద పెట్టినట్టు ఉండకూడదు.

చాలామంది చేసే పొరపాట్లు

1. పీవోపీలో నీళ్లు పోయడం. ఎప్పుడూ నీళ్లలోకే పొడి చల్లండి. నీటి మీద పొడి చిన్న దిబ్బలా తేలేవరకు చల్లి, అర నిమిషం నాననిచ్చి, అప్పుడు కలపండి. ఉండలు కట్టదు. త్వరగా గడ్డకడుతుంటే నీళ్లలో కాస్త నిమ్మరసం పిండండి, నిదానిస్తుంది. ఉప్పు తగిలితే ఇంకా తొందరగా గట్టిపడుతుంది, అందుకే ఉప్పుటి బోరునీళ్లు వాడకండి.

2. కడగని గిన్నెలో మళ్లీ కలపడం. అంటుకుని మిగిలిన పాత పీవోపీ కొత్తదాన్ని కూడా తొందరగా బిగిసేలా చేస్తుంది. మిగిలినదాన్ని సింకులో పారబోయకండి. గొట్టంలోనే రాయైపోతుంది. గిన్నెలో గట్టిపడనిచ్చి, ఊడదీసి చెత్తలో వేయండి.

3. థర్మాకోల్ మీద స్ప్రే పెయింటు, థిన్నరు వాడడం. కళ్ల ముందే కరిగి గుంటలు పడుతుంది. నీళ్లతో కలిసే రంగులు, ఫెవికాల్ మాత్రమే వాడండి.

4. సముద్రపు ఇసుక తెచ్చి అలాగే చల్లడం. అందులోని ఉప్పు పట్టాలను, తీగలను తినేస్తుంది. మన తీరపు ఇసుకలో నల్లగా మెరిసే ఇనుప ఖనిజపు రేణువులు కూడా కలిసి ఉంటాయి. ఇంజను మోటారులోని అయస్కాంతం వాటిని లాక్కుంటే పళ్లచక్రాలు అరిగిపోతాయి. మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, కాగితం కింద అయస్కాంతం తిప్పి ఆ రేణువులు తీసేశాకే వాడండి.

5. పట్టాల పక్కనే ఎమరీ పేపరు రుద్దడం. ముందు రైళ్లన్నీ తీసి పెట్టెల్లో పెట్టండి. ముక్కుకు మాస్కు కట్టుకుని రుద్దండి. తర్వాత వాక్యూమ్‌తోనో, తడిగుడ్డతోనో దుమ్మంతా తీశాకే కరెంటు ఇవ్వండి.

6. ప్రతి గజంలో ఒక వింత పెట్టడం. నాలుగడుగుల బల్ల మీద కొండ, ఏరు, చెరువు, ఉప్పు మళ్లు, మామిడితోట అన్నీ ఇరికిస్తే కన్ను ఎక్కడా నిలవదు. మనది విశాలమైన నేల. ఖాళీగా ఉన్న చేను కూడా దృశ్యంలో భాగమే. ఒక్కో వైపు ఒక్క విషయం చాలు.

పిల్లలతో కలిసి చేస్తుంటే ఒక మాట. పీవోపీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. చేతిని అందులో ముంచి అచ్చు తీయాలని పిల్లలకు సరదా వేస్తుంది. చర్మం కాలేంత వేడెక్కే ప్రమాదం ఉంది. ఆ ఆట అస్సలు ఆడనివ్వకండి.

చూసిన పెద్దలను పనిలోకి దించండి

మనవడు లప్పంతో చెరువు కట్ట దిద్దుతున్నాడు అనుకుందాం. పక్కన కూర్చున్న తాతయ్య కాసేపు చూసి అడుగుతారు: "ఏందిరా అది, రెండు పక్కలా ఒకేలా చేశావు? నీళ్లవైపు రాళ్లు పేర్చి ఉంటయ్ గదరా."

"ఎందుకు తాతయ్యా?"

"అల కొడితే మట్టి కరిగిపోదా మరి?"

ఆ ఒక్క మాటతో కట్ట మారిపోతుంది. ఒకవైపు చిన్న రాళ్లు పేరుస్తారు, రెండోవైపు గడ్డి మొలుస్తుంది. మధ్యలో ఎక్కడో తూము రావాలని కూడా ఆయనే గుర్తుచేస్తారు. నేలతో బతికినవాళ్లు మీ ఇంట్లోనే ఉన్నారు. పొలం గట్టు ఏ మూల తెగుతుంది, కళ్లం ఎక్కడ చేస్తారు, బండి బాట ఎందుకు ఒంగింది, ఇవన్నీ వాళ్లకు తెలుసు. మీకు లప్పం పట్టడం తెలుసు. రెండూ కలిస్తే ఆ బల్ల మీద పుస్తకంలో ఎక్కడా దొరకని నేల తయారవుతుంది.

1899లో ఈ తీరం వెంట మద్రాసు, బెజవాడలను కలిపిన లైను వేసినప్పుడు కూడా ముందు మట్టి పనే జరిగింది. కట్ట పోసి, వాలు దిద్ది, ఏళ్లకు దారి వదిలి, ఆ తర్వాతే పట్టాలు. మన బల్ల మీద పట్టాలు ముందు వచ్చేశాయి, ఫరవాలేదు. కట్ట ఇప్పుడు పోద్దాం.

ఈ ఆదివారం చేయాల్సిన పని

పెద్ద బల్ల జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లైవుడ్ ముక్క తీసుకోండి. మధ్యలో ఒక ముక్క పాత పట్టా అతికించండి. ఒక పక్క మూడున్నర సెం.మీ. కట్ట, దాని కింద మట్టి తీసిన పల్లం, పల్లం అవతల గట్టు, గట్టు అవతల నాలుగు సాళ్ల చేను. రెండో పక్క నెర్రెలిచ్చిన రేగడి. అంతే. ఏ లప్పం ఎంత కలిపారో, ఎన్నాళ్లకు ఆరిందో, రంగు ఎంత వెలిసిందో ముక్క వెనకవైపు పెన్సిలుతో రాసి పెట్టండి.

ఆ ముక్క మీద పొర పగిలినా నష్టమేమీ లేదు, ఎందుకు పగిలిందో తెలిసింది. రంగు తేడా వచ్చినా నష్టం లేదు, కొలత దొరికింది. రెండో ముక్క మొదటిదానికంటే బాగా వస్తుంది. మూడో ముక్క చేసే సమయానికి మీ చేతికే తెలిసిపోతుంది, బ్లేడును ఎంత వాల్చాలో, ఎక్కడ ఆగాలో. అప్పుడు పెద్ద బల్ల దగ్గరికి రండి, స్టేషను పక్క నుంచి మొదలుపెట్టండి. అక్కడ పట్టాల మీద టేపు అతికించడం మరిచిపోకండి.